అలీనా, లూయిసా, టైసనా? బాక్సింగ్‌లో తేలని లెక్క

[స్క్రీన్ మీద: నలుపు తెలుపు రింగ్. చుట్టూ ఒక్క ప్రేక్షకుడూ లేడు]

1969లో మయామీలో ఒక స్టూడియో తలుపులు మూసేసి ఇద్దరు మనుషుల చేత ఉత్తుత్తి బాక్సింగ్ ఆడించారు. ఒకడు మహమ్మద్ అలీ, అప్పటికి 27 ఏళ్లు, వియత్నాం యుద్ధానికి నేను రానన్నందుకు టైటిలూ లైసెన్సూ రెండూ లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టారు. రెండోవాడు రాకీ మార్సియానో, 45 ఏళ్లు, రిటైరై పదమూడేళ్లు దాటింది, పెరిగిన పొట్టంతా కరిగించి నెత్తిన విగ్గు పెట్టుకుని మరీ వచ్చాడు. ఇద్దరి లెక్కలూ కంప్యూటర్‌కి ఎక్కించి, అది చెప్పినట్టు సినిమా కట్ చేస్తామన్నారు. రకరకాల ముగింపులు షూట్ చేసి పెట్టుకున్నారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూసినవాళ్లకి మార్సియానో పదమూడో రౌండ్‌లో నాకౌట్ చేసి గెలిచాడు. యూరప్‌లో కొన్నిచోట్ల చూపించిన కాపీలో మాత్రం అలీ గెలిచాడు!

ఒకటే ఫైట్, ఊరు మారితే విజేత మారిపోయాడు. వేర్వేరు కాలాల చాంపియన్లని పోల్చే ప్రతి వాదనా ఇంతే అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది, అయినా చెయ్యకుండా ఉండలేం కదా, ఇప్పుడు ఈ వీడియోలో నేను చేస్తున్నది కూడా అదే.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. "అన్నా, మైక్ టైసన్ ముందు అలీ నిలబడతాడా?" అని ఎవరైనా అడిగితే అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఇద్దర్నీ ఒక రింగ్‌లో దింపితే ఎవరు గెలుస్తారు అనేది ఒకటి. ఎవరు గొప్ప అనేది ఇంకొకటి. మనం మొదటిదానికి జవాబు చెప్పేసి రెండోది తేలిపోయిందనుకుంటాం, గొడవంతా అక్కడే వస్తుంది.

మొదటి ప్రశ్న సంగతి చూడండి.

[స్క్రీన్ మీద: మార్సియానో 84 కిలోలు, ఫ్యూరీ 127 కిలోలు]

మార్సియానో చాంపియన్‌గా ఉన్నప్పుడు సుమారు 84 కిలోలు. 1930, 40ల చాంపియన్ జో లూయిస్ మంచి ఫామ్‌లో 90. ఇవాళ్టి రూల్స్ ప్రకారం 90.7 కిలోల లోపు ఉంటే హెవీవెయిట్ కింది తరగతి క్రూజర్‌వెయిట్, అంటే మన తాతలు పేపర్లో చదివిన హెవీవెయిట్ వీరుల్లో చాలామంది ఇప్పుడు పుట్టుంటే అసలు హెవీవెయిట్లే కాదు. టైసన్ ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, 2024 డిసెంబర్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ మీదకి 127 కిలోలతో దిగాడు. మార్సియానో ఎత్తు ఐదడుగుల పదంగుళాలు, చేతులు కూడా పొట్టి. ఈ జోడీని రింగ్‌లో ఊహించుకోవాలంటేనే కష్టం.

అయితే సైజే సర్వం అనుకుంటే మళ్లీ తప్పులో కాలేసినట్టే. 1919లో జాక్ డెంప్సీ 85 కిలోలుండి, 111 కిలోల జెస్ విల్లర్డ్‌ని మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. (దీనికి ఒక కిటుకు ఉంది. అప్పట్లో కిందపడ్డవాడు లేస్తుంటే పక్కనే నిలబడి మళ్లీ కొట్టొచ్చు. పడగొట్టినవాడు దూరంగా ఉన్న మూలకి వెళ్లి నిలబడాలన్న రూల్ తర్వాత గట్టిగా పట్టుకున్నారు, 1927లో జీన్ టన్నీని పడగొట్టి మూలకి వెళ్లడం ఆలస్యం చేసినందుకు డెంప్సీకే అది ఎదురు తిరిగింది.) లూయిస్ కూడా 118 కిలోల ప్రీమో కార్నేరాని ఆరు రౌండ్లలో చిత్తుచేశాడు. అంతెందుకు, ఫ్యూరీ 127 కిలోలతో దిగిన ఆ రాత్రి ఉసిక్ బరువు అతనికంటే పాతిక కిలోలు తక్కువ, గెలిచింది ఉసిక్. బరువుకి పనితనం కూడా తోడైతేనే అది ఆయుధం. రెండూ ఉన్నవాడు, ఉదాహరణకి 1990ల చాంపియన్ లెనాక్స్ లూయిస్, ఎదురైతే మాత్రం పాతకాలం వాళ్లకి నిజంగానే కష్టం, ఇది నేను ఒప్పుకుంటాను.

ఇంకా రౌండ్ల గొడవ ఉంది. 1910లో జాక్ జాన్సన్, జిమ్ జెఫ్రీస్ ఫైట్‌కి పెట్టుకున్న హద్దు 45 రౌండ్లు. తర్వాత 15 అయ్యాయి. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ టైటిల్ ఫైట్‌లో దెబ్బలు తిని చనిపోయాక మెల్లగా 12కి దించారు. ఆ చివరి మూడు రౌండ్లు చిన్న సంగతి కాదు. జో లూయిస్ మీద బిల్లీ కాన్ 1941లో పన్నెండు రౌండ్ల పాటు హాయిగా ఆడి ముందుకెళ్లిపోయాడు, పదమూడో రౌండ్‌లో నాకౌట్ అయిపోయాడు. మార్సియానోకి టైటిల్ వచ్చింది కూడా 1952లో పదమూడో రౌండ్‌లోనే, అప్పటిదాకా ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ వెనకబడే ఉన్నాడు. ఇవాళ్టి పన్నెండు రౌండ్ల లెక్కలో మార్సియానో ఆ రాత్రి ఓడిపోయి ఇంటికెళ్లేవాడు, 49 గెలుపులు, సున్నా ఓటములు అన్న ఆ రికార్డే ఉండేది కాదు.

ఇన్ని మారిపోయాక "ఎవరు గెలుస్తారు" అన్నదానికి జవాబు చెప్పేవాడు కబుర్లు చెప్తున్నట్టే లెక్క. సరదాకి చెప్పుకోవచ్చు, పందెం మాత్రం కాయకండి.

సరే, గొప్పతనం.

నేను చూసేది ముఖ్యంగా ఒకటే. తన కాలంలో తనని ఓడించగలవాళ్లు ఎవరున్నారో, వాళ్లని పిలిచి ఆడాడా, తప్పించుకు తిరిగాడా? డెంప్సీ అంటే నాకు ఇష్టమే కానీ ఈ లెక్కలో బాగా కింద పడిపోతాడు. హ్యారీ విల్స్ అనే నల్లజాతి బాక్సర్ ఏళ్ల తరబడి గట్టి పోటీదారుగా కాచుకుని కూర్చున్నా ఆ ఫైట్ జరగనేలేదు. తప్పు డెంప్సీది ఒక్కడిదే కాదు, 1908లో సిడ్నీలో జాక్ జాన్సన్ టైటిల్ గెలిచిన దగ్గర్నుంచి ఇంకో నల్లవాడికి ఆ అవకాశం ఇవ్వకూడదని అమెరికా బాక్సింగ్ గట్టిగా కూర్చుంది. 1937లో జో లూయిస్ దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. కాబట్టి ఆ మధ్య ఇరవై ఏళ్ల చాంపియన్ల రికార్డులు చూసేటప్పుడు సగంమందిని బయట నిలబెట్టి గెలిచిన రికార్డులని గుర్తుపెట్టుకోవాలి.

మార్సియానో ఎవర్నీ తప్పించుకోలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఎదురుగా నిలబడ్డవాళ్ల వయసు చూడండి. 1951లో జో లూయిస్‌కి 37, మరుసటేడు జెర్సీ జో వాల్కాట్‌కి 38. గొప్ప బాక్సర్లే, పొద్దు వాలిపోయిన గొప్ప బాక్సర్లు. 49-0 అనే అంకెకి ఉన్న మహిమ వల్ల మనం ఈ సంగతి పట్టించుకోం. లారీ హోమ్స్ 48-0 దాకా వచ్చి 1985లో మైఖేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు, అదొక్కటీ గెలిచుంటే అతన్ని ఎంతగా మోసేవాళ్లమో. ఒక్క ఫైట్ తేడాకి 20 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న మనిషిని జనం మర్చిపోయారు, నాకిది అన్యాయంగా అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: లూయిస్, ష్మెలింగ్, యాంకీ స్టేడియం, 1938]

జో లూయిస్ దగ్గర కాస్త ఆగుదాం. పన్నెండేళ్లకి కాస్త తక్కువ కాలం చాంపియన్, వరసగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, హెవీవెయిట్‌లో ఇంకెవరూ దాన్ని దాటలేదు. ఆ 25 మందిలో కొందరు నాసిరకమే, అప్పటి పత్రికలు కూడా ఎగతాళి చేశాయి. అయితే నాకు లూయిస్‌లో నచ్చేది ఆ అంకె కాదు. 1936లో జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ అతన్ని పన్నెండో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. జాబ్ (ముందు చేత్తో నేరుగా ఇచ్చే గుద్దు) కొట్టాక లూయిస్ ఎడమ చెయ్యి కిందికి దిగిపోతోందని ష్మెలింగ్ ముందే పసిగట్టి, ఆ సందులోంచి కుడిచేత్తో కొట్టి కొట్టి పడేశాడు. లూయిస్ ఆ లోపం దిద్దుకున్నాడు. రెండేళ్లకి యాంకీ స్టేడియంలో, అటు హిట్లర్ మనుషులు ఇటు అమెరికా మొత్తం చూస్తుండగా, 124 సెకన్లలో పని ముగించాడు. జిమ్ బ్రాడక్ చేతిలో కిందపడి లేచి గెలిచాడు, టోనీ గాలెంటో చేతిలోనూ అంతే.

కిందపడ్డాక ఏం చేశాడన్నది మంచి కొలత. అందుకే మైక్ టైసన్ గురించి నేను చెప్పబోయేది కొందరికి నచ్చదు. 1986లో 20 ఏళ్లకే చాంపియన్, 1988లో మైఖేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో నేలకూల్చాడు, ఆ రెండేళ్ల టైసన్‌ని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్, తర్వాత హోలీఫీల్డ్, లెనాక్స్ లూయిస్, వీళ్లలో ఎవరు కింద పడేసినా తిరిగి లేచి ఆ ఫైట్ గెలిచింది లేదు. ఒక్కసారి కూడా. భయపడే ప్రత్యర్థి మీద అతనంత భయంకరుడు ఇంకొకడు లేడు, భయపడనివాడు ఎదురైన రోజు మాత్రం చేతిలో ఇంకో దారి లేకపోయింది.

ఇక అలీ. ఎవరెవరితో ఆడాడో చూస్తే మిగతావాళ్ల జాబితాలు పలచగా కనిపిస్తాయి. లిస్టన్, ప్యాటర్సన్, ఫ్రేజియర్ మూడుసార్లు, నార్టన్ మూడుసార్లు, ఫోర్‌మన్, లైల్, షేవర్స్. అదీ వీళ్లలో చాలామందితో ఆడింది కాళ్లలో వేగం ఉన్న మూడున్నరేళ్లు నిషేధంలో పోగొట్టుకుని వచ్చాక. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు, అలీ దవడ విరగ్గొట్టిన నార్టన్‌ని కూడా 1974 మార్చిలో రెండు రౌండ్లలోనే ముగించాడు, అలాంటివాడి ముందు 1974లో కిన్షాసాలో అలీ తాళ్లకి ఆనుకుని నిలబడి దెబ్బలు తిని అలిసిపోనిచ్చి ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. మొదటి అలీకి కాళ్లున్నాయి. రెండో అలీకి కాళ్లు పోయాయి, వేరే ఆట కనిపెట్టుకున్నాడు. నాకు తెలిసిన హెవీవెయిట్లలో రెండు రకాల ఆటలతో రెండుసార్లు గొప్పవాడైన మనిషి ఇతనే.

అలీ మీద నా ఫిర్యాదులూ ఉన్నాయి. 1976లో నార్టన్‌తో మూడో ఫైట్ జడ్జీలు అలీకిచ్చారు, నేనైతే ఇవ్వను. ఆగాల్సిన చోట ఆగలేదు కూడా. 1980 మొదట్లో మద్రాస్ వచ్చి ప్రదర్శన ఫైట్ ఆడినప్పటికే 38 ఏళ్లు, జనం సినిమా హీరోని చూసినట్టు ఎగబడ్డారు. అదే ఏడాది అక్టోబర్‌లో హోమ్స్ ముందు నిలబడితే పది రౌండ్లయ్యాక అలీ కార్నర్‌లో ఉన్న అతని సొంత మనుషులే ఫైట్ ఆపేశారు. ఆ ఫైట్ నేను ఒకసారి చూశాను, మళ్లీ చూడలేను.

కాబట్టి నా వరస: అలీ, వెంట్రుకవాసి తేడాతో జో లూయిస్, తర్వాత హోమ్స్, లెనాక్స్ లూయిస్. మార్సియానో అభిమానులు తిట్టుకోవచ్చు, ఐదో స్థానం మీద నాకే ఇంకా తేలలేదు. తేలకపోవడానికి కారణం ఉసిక్. క్రూజర్‌వెయిట్‌లో బెల్టులన్నీ పోగేసి పైకొచ్చాడు, జాషువాని రెండుసార్లు, ఫ్యూరీని రెండుసార్లు ఓడించాడు, 2024 మేలో నాలుగు సంస్థల హెవీవెయిట్ బెల్టులూ ఒక్కడే పట్టుకున్నాడు, 2025 జూలైలో వెంబ్లీలో డుబ్వాని ఐదో రౌండ్‌లో పడగొట్టేసరికి 24 ఫైట్లు, 24 గెలుపులు. ఎదుటివాళ్లు ముసలివాళ్లు కాదు, తనకంటే పెద్ద మనుషులు. హెవీవెయిట్‌లో ఫైట్ల సంఖ్యే తక్కువ. మార్సియానోని ఎదుటివాళ్ల వయసు చూపించి కిందికి దించినవాడిని, ఉసిక్‌ని పైకెక్కించాలంటే ఈ తక్కువ సంఖ్యకి ఏం జవాబు చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.