పైన జనరేటర్, కింద పంపు

శ్రోతలకు నమస్కారం.

ఫోన్‌లో డబ్బు పంపినా, రైలు టికెట్ తీసుకున్నా, ఆ పని జరిగేది ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో. అక్కడ సర్వర్లకు కరెంటు రెప్పపాటు కూడా ఆగకూడదు. లైను కరెంటు మాత్రం అక్కడా పోతుంది, మన ఇళ్లలో పోయినట్టే. పోయాక ఏం జరగాలి, అది తక్కువ ఖర్చులో నమ్మకంగా ఎలా జరగాలి అన్నది ఈ పూట సంగతి.

కరెంటు పోగానే యూపీఎస్ బ్యాటరీలు లోడ్ అందుకుంటాయి. 10, 15 సెకన్లలో జనరేటర్ స్టార్టై బాధ్యత తీసుకుంటుంది. మరి బ్యాటరీలు 5, 10 నిమిషాలకు సరిపడా ఎందుకు పెడతారు? మొదటిసారి ఇంజిన్ అందుకోకపోతే రెండోసారి, మూడోసారి తిప్పాలి. అప్పటికీ కాకపోతే అదనంగా ఉంచిన జనరేటర్ సెట్టు రావాలి. ఆ వ్యవధి కోసం. అరగంటకో గంటకో బ్యాటరీ కొనడం చాలాచోట్ల డబ్బు దండగే. ఏసీలు సాధారణంగా యూపీఎస్ మీద ఉండవు. అవి ఆగితే కొద్ది నిమిషాల్లోనే గది వేడెక్కి, బ్యాటరీలో చార్జి ఉన్నా సర్వర్లు ఆపేయాల్సి వస్తుంది.

జనరేటర్లు ఎన్ని కొనాలన్నది ఇంకో చర్చ. నాలుగు అవసరమైతే ఐదు కొనేవాళ్లున్నారు, ఎనిమిది కొనేవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ ఎంతసేపైనా సాగుతుంది. కానీ సెట్లు ఎన్ని ఉన్నా అన్నీ తాగేది ఒకే డీజిల్, చాలాసార్లు ఒకే పైపు నుంచి. ఈ పూట ఆ పైపు దగ్గరే ఆగుదాం.

2012 అక్టోబర్ 29 రాత్రి శాండీ తుపాను న్యూయార్క్ మీద విరుచుకుపడింది. మన్‌హట్టన్ దక్షిణపు కొసలో, 75 బ్రాడ్ స్ట్రీట్ అనే భవనంలో, 17వ అంతస్తున పీర్ 1 అనే సంస్థ డేటా సెంటర్ ఉండేది. జనరేటర్ కూడా పైనే ఉండేది. డీజిల్ నిల్వ మాత్రం సెల్లార్‌లో. దాన్ని పైకి తోడే పంపు కూడా సెల్లార్‌లోనే. సముద్రం వీధుల్లోకి పొంగింది, సెల్లార్ మునిగింది, పంపు పోయింది.

పైన జనరేటర్‌కు ఏమీ కాలేదు, చక్కగా తిరుగుతోంది. కానీ అది తిరుగుతున్నది పైనున్న చిన్న ట్యాంకులో మిగిలిన డీజిల్‌తో. అది అయిపోతే అంతే.

అప్పుడు అక్కడివాళ్లు డీజిల్‌ను మనుషులతో మోయించారు. పీర్ 1 సిబ్బందికి తోడుగా, అక్కడే తమ సర్వర్లు పెట్టుకున్న స్క్వేర్‌స్పేస్, ఫాగ్ క్రీక్ సంస్థల ఉద్యోగులు కూడా వరుసగా నిలబడ్డారు. కింద బకెట్లు నింపడం, మెట్ల మీద చేతులు మార్చుకుంటూ 17 అంతస్తులు ఎక్కించడం. 5 గాలన్ల బకెట్ అంటే దాదాపు 19 లీటర్లు, 16 కిలోల బరువు. అలా రోజుల తరబడి మోసి జనరేటర్‌ను నిలబెట్టారు. వాళ్ల పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ అంతమంది అంత కష్టపడాల్సి వచ్చింది కింద ఒక పంపు మునిగినందుకు.

అదే తుపానులో, అదే నగరంలో, బెల్‌వ్యూ ఆసుపత్రిలోనూ ఇదే తప్పు. జనరేటర్లు 13వ అంతస్తులో, డీజిల్ పంపులు సెల్లార్‌లో. అక్కడా మెట్ల మీదుగానే డీజిల్ ఎక్కించారు. చివరికి రోగులను వేరేచోటికి తరలించక తప్పలేదు.

అపార్టుమెంటులో ఉండేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. సంపు నిండా నీళ్లుంటాయి, మోటారు నడవదు, పై ట్యాంకు ఖాళీ అయ్యేదాకానే కుళాయిలో నీళ్లు. డేటా సెంటర్‌లో పై ట్యాంకును డే ట్యాంకు అంటారు. మన దగ్గర చాలాచోట్ల అది 990 లీటర్లది. ఒక మెగావాట్ జనరేటర్ పూర్తి లోడ్ మీద గంటకు దాదాపు 250 లీటర్లు తాగుతుంది. అంటే డే ట్యాంకు నాలుగు గంటలకు కూడా చాలదు. 48 గంటలు నడపాలంటే 12,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకర్ లారీ నిండా కావాలి. అంత డీజిల్ పెద్ద ట్యాంకులో నిల్వ ఉన్నా పంపు నడవకపోతే అందులో ఒక్క చుక్క కూడా పైకి రాదు.

ఇది టెస్టుల్లో ఎందుకు బయటపడదు? నెలనెలా జనరేటర్ టెస్టు చేస్తూనే ఉంటారు కదా. చేస్తారు, అరగంట. పూర్తి లోడ్ పెట్టినా ఆ అరగంటలో ఖర్చయ్యేది 125 లీటర్లే. డే ట్యాంకు సగానికి దిగితేనే పంపు స్టార్టయ్యేలా పెట్టి ఉంటే, ఆ టెస్టులో పంపు కదలనే కదలదు. తర్వాతెప్పుడో ట్యాంకు సగానికి దిగేసరికి లైను కరెంటు వచ్చేసి ఉంటుంది. పంపు ఆ కరెంటు మీదే నడుస్తుంది. అంటే జనరేటర్ కరెంటు మీద పంపు నడుస్తుందో లేదో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. టెస్టు రిజిస్టర్లో మాత్రం ప్రతి నెలా ఓకే అని ఉంటుంది.

పంపు ఎక్కడ మొరాయిస్తుంది? దాని ప్యానెల్‌ను మెట్ల లైట్ల లైనుకో, జనరేటర్ లేని ఇంకో లైనుకో కలిపి ఉంటారు. లేదా పంపుకు జనరేటర్ కరెంటు ఇచ్చి, పైపులో ఉన్న సోలెనాయిడ్ వాల్వును, అంటే కరెంటు ఉంటేనే తెరుచుకునే వాల్వును మర్చిపోతారు. లైను పోగానే ఆ వాల్వు మూసుకుంటుంది, పంపు ఊరికే తిరుగుతుంది. ట్యాంకులో మట్టాన్ని బట్టి పంపును స్టార్ట్ చేసే ఫ్లోట్ స్విచ్ మడ్డి పట్టి ఇరుక్కుపోతుంది. పీల్చే పైపు జాయింట్లో సన్నటి లీకుంటే గాలి చేరి పంపు డీజిల్ అందుకోదు.

అందుకని ఏడాదికి ఒక్కసారైనా ఈ టెస్టు చేయాలి. మెయిన్ బ్రేకర్ తెరిచి లైను కరెంటు నిజంగానే ఆపాలి, ఇంజిన్‌కు స్టార్ట్ సిగ్నల్ ఇచ్చి ఊరుకుంటే కాదు. పంపు స్టార్టయ్యే గుర్తు దాకా డే ట్యాంకు దిగేంతవరకు జనరేటర్‌ను లోడ్ మీద నడపాలి. రెండు గంటలు పట్టవచ్చు, పట్టనివ్వండి. పంపు దానంతటదే అందుకోవాలి. అందుకున్నాక నిమిషానికి ఎన్ని లీటర్లు ఎక్కుతుందో గడియారం పెట్టి చూడాలి. అన్ని సెట్లూ కలిపి తాగేదానికి అది రెట్టింపు ఉంటే నిశ్చింత. తర్వాత ఆ పంపును ఆపేయాలి, రెండో పంపు రావాలి. దాన్నీ ఆపి చేతి పంపు కొట్టి చూడాలి. చేతి పంపు లేదా? ఈ వారమే పెట్టించండి.

ఖర్చు మాటకొస్తే, రెండో పంపు, దానికి వేరే ప్యానెల్ నుంచి వేరే కేబుల్, ఒక చేతి పంపు, ఇవన్నీ కలిపినా ఒక జనరేటర్ ధరలో ఒక మూలకు రావు. ఐదో సెట్టు కొనేముందు రెండో పంపు కొనాలి. చాలా ప్రాజెక్టుల్లో ఈ వరుస తిరగబడుతోంది, అది బాధగా ఉంటుంది.

తీరంలో కట్టేవాళ్లకు ఇంకొంచెం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అదే విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామని 2025లో గూగుల్ ప్రకటించింది. ఇలాంటి చోట ట్యాంకు భూమిలో ఉండక తప్పకపోయినా పంపు, మోటారు, ప్యానెల్ మాత్రం వరద నీరు ఎక్కే ఎత్తుకు పైనే ఉండాలి. ట్యాంకు గాలి గొట్టం, డీజిల్ పోసే మూత కూడా అంతే, లేకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. ట్యాంకును కాంక్రీటుకు బిగించాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు వరదలో పైకి తేలి పైపులు తెంపేస్తుంది.

రోడ్డు మునిగినా ట్యాంకర్ రాగల వైపున డీజిల్ నింపే చోటు ఉండాలి. అక్కడ గొట్టం తగిలించే కప్లింగ్‌ను డీజిల్ తెచ్చేవాళ్ల గొట్టానికి ఒకసారి బిగించి చూసుకోవాలి. సైజు కలవకపోతే ట్యాంకర్ గేటు దగ్గరికొచ్చి కూడా ఊరికే నిలబడుతుంది. తుపానులు జోరందుకునే అక్టోబర్ కంటే ముందే, సెప్టెంబర్‌లోనే ఆ పని పూర్తి చేసుకోండి.

నమస్కారం.