వెనక బెజ్జంలో పెట్టి చూశారా?

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, క్షమించాలి. కంప్యూటర్‌లో ఉన్న సౌండు హెడ్‌ఫోన్‌కు సరిపోతుందా, వేరే డ్యాక్, అంటే కంప్యూటర్‌లోని అంకెలను శబ్దంగా మార్చే విడి పెట్టె, కొనాలా అని అడిగారు. చాలామంది ఏమీ కొనక్కర్లేదు. నేను కొన్నాను. ఆ కడుపుమంట చెప్పుకోవడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

ముప్పై ఏళ్లు రికార్డింగు గదిలో పనిచేసినవాణ్ణి. రిటైరయ్యాక పాత కచేరీలు వినడానికి కంప్యూటర్ తీసుకున్నాను. తంబూరా వెనక సన్నగా జుయ్‌మని రొద. మౌస్ కదిపితే ఆ రొద కూడా మారేది! దుకాణంలో అడిగితే, "మదర్‌బోర్డు మీద వచ్చే సౌండు అంతేనండీ" అంటూ పదకొండు వేల రూపాయల డ్యాక్ అంటగట్టారు. రొద పోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మూడు నెలలు దాని గొప్ప చెప్పాను.

దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను కదా, ఒకరోజు మా ఆవిడ విసుగెత్తి తన హెడ్‌ఫోన్‌ను కంప్యూటర్ పెట్టె వెనక ఆకుపచ్చ బెజ్జంలో గుచ్చింది. "ఏమండీ, ఇందులో ఏ రొదా లేదే?" అంది. నిజంగానే లేదు.

నేను మొదట గుచ్చింది పెట్టె ముందువైపు బెజ్జంలో. అక్కడి దాకా వచ్చే తీగ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి వస్తుంది. దారిలో ఉన్న విద్యుత్తు గోలంతా మోసుకొస్తుంది. బోర్డు మీది సౌండు చిప్పు పాపం ఏమీ లేదు. తీగల మధ్యే బతికినవాడికి ఇది తట్టలేదు చూడండి! దుకాణదారుడి మీద కోపం సగమే, మిగతా సగం నా మీద.

ఎక్కడ ఉన్నాను? చిప్పు. 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ97 అనే బోర్డు సౌండు ప్రమాణం కాలం నుంచి బోర్డు సౌండుకు చెడ్డపేరు ఉంది. 2004లో దాని బదులు హెచ్‌డీ ఆడియో వచ్చాక కాలం మారింది, పేరు మారలేదు. సీడీలోని 16 బిట్లకు పాటకూ రొదకూ మధ్య కావలసిన దూరం సుమారు 96 డెసిబెళ్లు. రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 చిప్పుకు కంపెనీ చెప్పే లెక్క 120. బోర్డు మీదికి వచ్చేసరికి కొంత తరుగుతుంది, తరగనివ్వండి.

డ్యాక్ కొన్నవాళ్లు చేతులెత్తండి. కొనే ముందు రెండింటి వాల్యూమూ సమానం చేసి విన్నవాళ్లు? చూశారా, అన్ని చేతులూ దిగిపోయాయి! కాస్త గట్టిగా మోగేదే చెవికి మంచిదనిపిస్తుంది. అమ్మేవాళ్లకు అది తెలుసు.

మీ హెడ్‌ఫోన్ నిరోధం (ఓమ్‌లలో కొలుస్తారు) 250, 300 ఓమ్‌లైతే మాట వేరు. బోర్డు దాన్ని గట్టిగా మోగించలేకపోవచ్చు, అప్పుడు యాంప్లిఫయర్ కొనండి. 32 ఓమ్‌ల దానికీ ఒక చిక్కుంది: బెజ్జం వైపు నిరోధం అందులో ఎనిమిదో వంతు, అంటే 4 ఓమ్‌లు దాటకూడదంటారు. కొన్ని బోర్డుల వెనక బెజ్జం ఈ లెక్కకు నిలవదు, బేస్ కాస్త ఉబ్బుతుంది. అలాంటప్పుడు యూఎస్‌బీలో గుచ్చే చిన్న డ్యాక్ ముక్క చాలు, పదకొండు వేలు అక్కర్లేదు.

అధ్యక్షులవారు గంట వైపు చూస్తున్నారు. ఇంటికి వెళ్లి, పాట ఏదీ పెట్టకుండా, హెడ్‌ఫోన్ పెట్టుకుని మౌస్ కదపండి. జుయ్‌మంటే దుకాణానికి వెళ్లకండి. కంప్యూటర్ వెనక్కి వంగండి.