మంచి ఓవర్‌మన్ ఎవరో ఎవరిని అడగాలి?

శ్రోతలకు నమస్కారం.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ చుట్టుపక్కల బొగ్గు బాయిల్లో మన తెలుగువాళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. బాయిలో షిఫ్టు పనిని నడిపే అధికారి ఓవర్‌మన్. ఆయన కింద పనివాళ్ల జట్టును, వాళ్ల భద్రతను చూసుకునే మనిషి సర్దార్. అక్కడ కొత్తగా చేరిన కుర్రాణ్ని "మీ బాయిలో మంచి ఓవర్‌మన్ ఎవరు తమ్ముడూ?" అని అడిగి చూడండి. గొంతున్న మనిషి పేరు, తడుముకోకుండా ఆర్డర్లు వేసే మనిషి పేరు చెబుతాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సర్దార్‌ను అడగండి. ఆయన చూసేది వేరు.

షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ కర్రతో రూఫ్‌ను, అంటే తలపైనున్న రాతి కప్పును తట్టి వింటాడు. గట్టి రాయైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. "ఇక్కడ వద్దు సార్" అని ఆయన చెప్పాడనుకుందాం. ఒక ఓవర్‌మన్ "నిన్న ఏం కాలేదుగా, కానివ్వండి" అంటాడు. ఇంకొకాయన ఆ కర్ర అందుకుని తానే తట్టి వింటాడు. మనుషుల్ని వెనక్కి పిలుస్తాడు, సపోర్టు పెట్టించాకే పనికి పంపుతాడు. టన్నులు తగ్గాయేమని పైవాళ్లు అడిగితే తానే జవాబు చెప్పుకుంటాడు. కొత్త కంటికి ఈయన భయస్తుడు. సర్దార్ లెక్కలో నాయకుడంటే ఈయనే. నా లెక్కలోనూ అంతే.

ఈ తేడా ఒక్క బాయిలోనే కాదు. 1981లో మనస్తత్వ శాస్త్రవేత్త మిషెలీన్ చీ, ఆమె సహచరులు భౌతికశాస్త్రం లెక్కలిచ్చి, ఒకేరకం వాటిని ఒక గుంపుగా పెట్టమన్నారు. కొత్త విద్యార్థులు బొమ్మలో వాలుబల్ల ఉన్నవన్నీ ఒకచోట పెట్టారు. ఆరితేరినవాళ్లు మాత్రం ఏ సూత్రంతో తేలుతుందో చూసి విడదీశారు. మనుషుల్ని తూచేటప్పుడూ మనం చాలావరకు ఆ వాలుబల్లల్లాంటి పైపై సంగతుల్నే చూస్తాం. ధీమా, మాటకారితనం, ఆ నెల ఉత్పత్తి, ఇవే కనిపిస్తాయి. మిషను రిపేరై వచ్చినందుకు టన్నులు పెరిగినా పేరు బాసుకే దక్కుతుంది. మంచి ఫలితమైనా చెడు ఫలితమైనా నాయకుడి ఖాతాలోనే రాసే ఈ అలవాటు గురించి నాయకత్వంపై పరిశోధించిన జేమ్స్ మైండల్ బృందం 1985లోనే రాసింది.

అయితే సర్వీసు ఎక్కువున్న ప్రతివాడి తీర్పూ నమ్మదగ్గది కాదు. అనుభవజ్ఞుల అంచనా ఎప్పుడు నిలబడుతుందనే దానిపై మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాశారు. పనిలో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో తిరిగి తెలుస్తూ ఉండాలి అన్నారు. రూఫ్ దగ్గర తప్పు చాలాసార్లు తొందరగానే బయటపడుతుంది. ఆఫీసులో ఫైలు మీద తీసుకున్న నిర్ణయం ఎలా పరిణమించిందో తెలిసేలోపు ఆ మనిషికి ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది. అలాంటి చోట ముప్పై ఏళ్లు కూర్చున్నా కన్ను పదునెక్కదు.

ప్రమోషన్ ఇంటర్వ్యూలో అరగంట మాట విని ఓవర్‌మన్‌ను తూచడం నాకు బాధగా ఉంటుంది. అతని కింద పనిచేసిన సర్దార్లను పిలిచి, ఒక్క ప్రశ్న అడగండి: "ఈయన ఎప్పుడైనా పని ఆపించాడా, ఎవరి మాట విని ఆపించాడు?"

నమస్కారం.