కాల్షియం క్లోరైడ్‌లో ‘డై’ ఎందుకు లేదు?

తమ్ముడు: అక్కా, నిన్నటి టెస్ట్‌లో సీఏసీఎల్‌టూకి కాల్షియం డైక్లోరైడ్ అని రాస్తే కొట్టేశారు. క్లోరిన్లు రెండున్నాయి కదా! సీఓటూని మాత్రం కార్బన్ డయాక్సైడ్ అనే అంటాం.

అక్క: మంచి డౌట్ రా. ఫార్ములా కనపడగానే పేరు పెట్టేయకు. ముందు అవి ఎలా కలిశాయో చూడు. ఒకటి ఇస్తే ఇంకోటి తీసుకుందా, లేక రెండూ పంచుకున్నాయా? కాల్షియం లోహం, బయటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు, అవి పోతే కింద నిండిన కక్ష్య మిగులుతుంది. క్లోరిన్‌కి ఏడున్నాయి, ఇంకొక్కటి వస్తే ఎనిమిది. మరి ఒక్కో క్లోరిన్ ఒక్కటే తీసుకుంటుంటే, కాల్షియం ఇచ్చే రెండిటికీ ఎన్ని క్లోరిన్లు కావాలి?

తమ్ముడు: రెండే. ఓ... చెప్పకపోయినా తెలిసిపోతుంది!

అక్క: అందుకే ‘డై’ అక్కర్లేదు. ఇలా ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకునేది అయానిక బంధం. కార్బన్, ఆక్సిజన్ రెండూ అలోహాలు, ఎలక్ట్రాన్లు పంచుకుంటాయి, దాన్ని సమయోజనీయ బంధం అంటాం. అక్కడ ఒకే జంట రకరకాలుగా కలవగలదు. సీఓటూ సోడాలో బుడగలు, మనం వదిలే ఊపిరి. అందులోంచి ఒక్క ఆక్సిజన్ తీసేస్తే సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసేది అదే. వాసన కూడా ఉండదు, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని పట్టేసుకుంటుంది. రెండిటినీ కార్బన్ ఆక్సైడ్ అనేస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది చెప్పు? మోనో, డై అన్నవి అందుకే.

తమ్ముడు: మరి ఐరన్ పక్కన ఆ రోమన్ అంకె?

అక్క: ఐరన్ ఒకచోట రెండు ఎలక్ట్రాన్లిస్తుంది, ఇంకోచోట మూడు. పాత పేర్లు ఫెర్రస్, ఫెర్రిక్. రక్తం తక్కువైతే ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఫెర్రస్ సల్ఫేట్ అని చూసే ఉంటావు, అదే ఐరన్ టూ సల్ఫేట్. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, ఆ అంకె పరమాణువుల లెక్క కాదు, ఛార్జి, అంటే ఒక్కో ఐరన్ ఎన్ని ఎలక్ట్రాన్లిచ్చిందో ఆ లెక్క. ఎఫ్ఈటూఓత్రీలో ఐరన్లు రెండే, పేరు మాత్రం ఐరన్ త్రీ ఆక్సైడ్. మూడు ఆక్సిజన్లకి తలా రెండు చొప్పున ఆరు ఎలక్ట్రాన్లు కావాలి, ఆ ఆరూ రెండు ఐరన్లు ఇవ్వాలంటే ఒక్కొక్కటీ మూడివ్వాలి.

తమ్ముడు: ఇదంతా ఎవరు మొదలుపెట్టారు?

అక్క: 1787లో పారిస్‌లో లవోయిజే, ఇంకో ముగ్గురు కెమిస్టులు కలిసి. అప్పటిదాకా వాళ్ళవీ మన మైలుతుత్తం లాంటి పేర్లే, విని గుర్తుపట్టొచ్చు గానీ అందులో ఏముందో తెలీదు. అదే మైలుతుత్తాన్ని కాపర్ సల్ఫేట్ అంటే లోపలున్నదేంటో పేరే చెప్పేస్తుంది. నాకైతే ఈ సబ్జెక్టులో బాగా నచ్చేది ఇదే. సరే, ఏఎల్‌టూఓత్రీ?

తమ్ముడు: అల్యూమినియం లోహం, ఎప్పుడూ మూడే ఇస్తుంది... అల్యూమినియం ఆక్సైడ్. అంతే, డై లేదు, ట్రై లేదు.

అక్క: ఎన్‌టూఓఫోర్?

తమ్ముడు: రెండూ అలోహాలు. డైనైట్రోజన్ టెట్రాక్సైడ్!