పెద్దవాళ్లు ఆట ఎందుకు మానేశారు?

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్నప్పుడు అన్నానికి పిలిచినా ఆట వదిలి రానివాళ్లే, 30 దాటాక ‘ఈ మధ్య ఏం ఆడారు?’ అంటే తడుముకుంటున్నారు. మాస్టారూ, ఇన్నేళ్లు పీఈటీగా చేశారు. మీతోనే మొదలుపెడదాం.

పీఈటీ: ఆసక్తి పోయిందంటే నేను ఒప్పుకోనండీ. పోయింది జట్టు. కబడ్డీకి అటు ఏడుగురు, ఇటు ఏడుగురు కావాలి. పదో తరగతి కాగానే ఒకడు పాలిటెక్నిక్, ఒకడు హాస్టల్, ఇంకొకడు పనిలోకి. మిగిలిన ముగ్గురూ ఏం ఆడతారు? పైగా చాలా ఇంటర్ కాలేజీలకు గ్రౌండే లేదు. ఆ రెండేళ్లలో పోయిన అలవాటు మళ్లీ రావడం చాలా కష్టం.

గృహిణి: మాస్టారు చెప్పింది మగపిల్లల సంగతి. ఆడపిల్లలకు ఇంకా ముందే ఆగిపోతుంది. పెద్దమనిషి అయ్యాక తొక్కుడుబిళ్ల ఆడితే ‘ఇంకా ఆ గెంతులేంటే’ అనేవాళ్లు. అయినా మా అత్తగారి తరం ఆటను పూర్తిగా వదల్లేదండీ. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అరుగు మీద చేరేవాళ్లు. సుద్దముక్కతో అటు ఐదు, ఇటు ఐదు గళ్లు గీసి అష్టాచెమ్మా మొదలు. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒక పక్క తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీసేవాళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఇంటికి చేరబోతున్న కాయను పక్కింటి పిన్నిగారు చంపేస్తే సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు!

వ్యాఖ్యాత: ఇప్పుడు అరుగులు లేవు కదమ్మా.

గృహిణి: అరుగూ లేదు, ఎదురు ఫ్లాట్ తలుపూ తీసి ఉండదు. ‘ఆడుకుందాం రండి’ అని బెల్ కొట్టాలంటే మొహమాటం.

మనస్తత్వ నిపుణురాలు: ఆ మొహమాటం దగ్గరే ఆగుదామండీ. మన దగ్గర పెద్దవాళ్లు ఆడాలంటే ఏదో ఒక కారణం చెప్పుకోవాలి. షుగర్ తగ్గడానికనో, పిల్లాడికి నేర్పడానికనో. ఉత్తినే ఆడితే పని లేనివాళ్ల కింద జమ. ఇంకోపక్క డబ్బుతో ఆడే పేకాట ఉండనే ఉంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం తెచ్చింది. అప్పులపాలైన కుటుంబాల బాధ విన్నదాన్ని, ఆ చట్టం కావాల్సిందే అంటాను. కానీ ఆ భయంతో ఇంట్లో సరదాగా ముక్కలు పంచినా తప్పే అన్నట్టు చూస్తున్నారు.

పీఈటీ: వయసు మాత్రం అడ్డం కాదండీ. కోనేరు హంపి 2024 డిసెంబర్‌లో, 37 ఏళ్ల వయసులో, ఒక బిడ్డ తల్లిగా రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచారు.

మనస్తత్వ నిపుణురాలు: ఆవిడకు అది వృత్తి మాస్టారూ. ఓడినా పోయేదేమీ లేని ఆట గురించి నా బాధ. ఆఫీసులో పదిమంది మీద మేనేజర్, షటిల్ కోర్టులో ఇంటర్ కుర్రాడి చేతిలో 21-4తో ఓడిపోతాడు. మర్నాడు మోకాలి నొప్పంటాడు. అసలు నొప్పి మోకాల్లో కాదు.

వ్యాఖ్యాత: కూకట్‌పల్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లైన్లో ఉన్నారు. చెప్పండి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: గేమ్ కన్సోల్ కొనుక్కున్నాను సార్. పాప పడుకునేసరికి రాత్రి పదకొండు. ఆన్ చేస్తే అప్‌డేట్ అంటుంది. అదయ్యేలోపు ఎవరో ఆడుతున్న వీడియో చూస్తూ నిద్రపోతున్నాను.

పీఈటీ: అదే నేననేది, ఒంటరిగా సాగదు. సాయంత్రం ఆరు తర్వాత సర్కారు బడి గ్రౌండ్‌లు ఊరివాళ్లకు తెరవమనండి. వాలీబాల్ నెట్ కట్టండి, ఎందుకు రారో చూద్దాం.

గృహిణి: మగవాళ్లు వస్తారు మాస్టారూ. ఆరింటికి మేము స్టవ్ దగ్గర ఉంటాం. గ్రౌండ్‌లో లైటు, బాత్రూమ్ పెట్టించండి. వారానికి రెండు సాయంత్రాలు వంట మావారు చూసుకుంటే త్రోబాల్‌కి మా బ్లాక్ నుంచే జట్టు దిగుతుంది.