ఒక్క మాట కోసం అరవై ఏళ్లు

శ్రోతలకు నమస్కారం.

డాక్టర్ల మహాసభ అనగానే స్టార్ హోటలు, మెడలో బ్యాడ్జీలు, మధ్యాహ్నం బఫే కళ్ల ముందు మెదులుతాయి. వరల్డ్ మెడికల్ అసోసియేషన్ ఏటా ఒక్కో దేశంలో జరిపే సర్వసభ్య సమావేశంలో అవేవీ ఉండవని నేననను. కానీ అక్కడ అసలు పని వేరు. ఏ వాక్యంలో ఏ మాట ఉండాలి, ఏది తీసెయ్యాలి అని వాదులాడుకుంటారు.

ఇది సంఘాలకు సంఘం. మన ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌లాంటివి వందకు పైగా ఇందులో ఉన్నాయి. 2009లో ఈ సభ ఢిల్లీలోనూ జరిగింది. సంస్థ పుట్టింది 1947 సెప్టెంబరులో, పారిస్‌లో. దానికి దాదాపు నెల ముందు జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్ల కేసులో తీర్పు వచ్చింది. నిర్బంధ శిబిరాల్లోని ఖైదీలను మంచునీళ్లలో ముంచి, ఒంట్లోకి రోగాలు ఎక్కించి ప్రయోగాలు చేసిన కేసు అది. ముద్దాయిలు 23 మంది. అందులో 20 మంది డాక్టర్లు! చదువుకున్నవాళ్లు, ప్రమాణాలు చేసినవాళ్లు.

ఆ మచ్చ ఊరికే పోలేదు. మరుసటి ఏడే జెనీవా సభలో డాక్టర్లకు కొత్త ప్రతిజ్ఞ రాశారు. 1964లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో, మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు పాటించాల్సిన నియమాలు రాశారు. హెల్సింకీ ప్రకటన అంటే అదే. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేర్చుకునే ముందు అన్నీ విడమరిచి చెప్పి కన్సెంట్ ఫారం, అంటే సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంటారు చూడండి, ఆ పద్ధతికి ఒక గట్టి ఆధారం ఈ ప్రకటనే.

దాన్ని చాలాసార్లు సవరించారు. 2024 అక్టోబరులో సభ మళ్లీ హెల్సింకీలోనే జరిగింది. అప్పుడు చేసిన మార్పుల్లో నాకు నచ్చింది చూడటానికి చాలా చిన్నది. పరిశోధనలో ఉండే మనుషుల్ని అంతవరకూ ‘సబ్జెక్ట్స్’ అనేవారు. దాన్ని కొట్టేసి ‘పార్టిసిపెంట్స్’ అని రాశారు. తెలుగులో అనుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ప్రయోగానికి గురయ్యేవాళ్లు కాదు, ప్రయోగంలో పాలుపంచుకునేవాళ్లు. ఈ ఒక్క మాటకు అరవై ఏళ్లు పట్టింది.

మాట మారితే ఏం ఒరుగుతుందని మీరు అడగొచ్చు. ఖమ్మం జిల్లా సంగతి చెబుతాను. 2009లో అక్కడ వేలమంది ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకునే పిల్లలు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దాని జోలికి నేను పోను. తరువాత పార్లమెంటు స్థాయీ సంఘం ఆ కన్సెంట్ ఫారాలు తిరగేసి చూసింది. కొన్నిటి మీద వేలిముద్రలున్నాయి. రెండు వేలకు పైగా ఫారాల మీద అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఆ పిల్లల్ని పాలుపంచుకునేవాళ్లు అనుకుని ఉంటే, ఇలా జరిగేదా?