ఎడారి ఎండకు ఏ కిటికీ ఫ్రేమ్ తట్టుకుంటుంది?

నమస్తే అండీ. టేబుల్ మీద నాలుగు ముక్కలున్నాయి చూడండి. అల్యూమినియం, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్, చెక్క, ఫైబర్‌గ్లాస్. అన్నీ కిటికీ ఫ్రేముల నుంచి కోసినవే. పగలు నిప్పులు చెరిగి, తెల్లవారుజాముకి దుప్పటి వెతుక్కునే ఎడారి వాతావరణంలో వీటిలో ఏది నిలబడుతుందో చూద్దాం.

చెక్క సంగతి రెండు మాటల్లో తేల్చేస్తా. వేడిని బాగానే ఆపుతుంది. కానీ పొడిగాలికి కుంచించుకుపోయి కీళ్లు వదులవుతాయి, ఎండకు పాలిష్ పోతుంది. మళ్లీ మళ్లీ రంగు వేసే ఓపిక ఉంటేనే.

అల్యూమినియం గట్టిది, ఎండకు పాడవదు. కానీ వేడిని మోసే గుణం యూపీవీసీ కంటే దాదాపు 1000 రెట్లు ఎక్కువ. మధ్యాహ్నం లోపలివైపు చెయ్యి పెట్టినా చురుక్కుమంటుంది. ఇదిగో, ఈ ముక్క మధ్యలో నల్లటి పట్టీ కనిపిస్తోందా? దాన్నే థర్మల్ బ్రేక్ అంటారు. పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. బయటి లోహాన్నీ లోపలి లోహాన్నీ విడదీస్తుంది. అది లేని అల్యూమినియం ఎడారికి వద్దే వద్దు.

ఇక యూపీవీసీ. దీంతో నేను దెబ్బతిన్నా, అందుకే కాస్త ఎక్కువ మాట్లాడతా. అందంగా ఉందని ముదురు గోధుమ రంగు పెట్టించుకున్నా. మూడో వేసవికి మధ్యాహ్నం గడియ పడేది కాదు, రాత్రయితే చక్కగా పడేది! బిగించినవాళ్లు వచ్చింది సాయంత్రం. 'బాగానే ఉంది కదండీ' అనేసి వెళ్లిపోయారు.

అసలు జరిగింది ఏంటంటే, వేడి 40 డిగ్రీలు పెరిగితే 2 మీటర్ల యూపీవీసీ ముక్క సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం 2 లోపే. గాజు ఒక్క మిల్లీమీటరు కూడా సాగదు. ఫ్రేమ్ సాగుతుంటే గాజు సాగకపోతే మధ్యలో నలిగేది సీలే. పైగా యూపీవీసీ 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ముదురు రంగు ఎండలో ఆ దరిదాపులకి వెళ్లిపోతుంది. కాబట్టి తీసుకుంటే తెల్లదే తీసుకోండి, లోపల స్టీలు పట్టీ ఉందో లేదో అడగండి.

ఫైబర్‌గ్లాస్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. ఇందులో ఉండేది చాలావరకు గాజు పోగులే కాబట్టి గాజుతో పాటే సాగి, గాజుతో పాటే ముడుచుకుంటుంది. వేడినీ అంతగా మోయదు. ఖరీదెక్కువ, అన్నిచోట్లా దొరకదు. పైన మంచి పూత లేకపోతే ఎండకు పోగులు తేలతాయి.

దుమ్ము మాట మర్చిపోకండి. స్లైడింగ్ కిటికీకి ఉండేది బ్రష్ సీలు, సన్నటి ఇసుక దాన్ని దాటేస్తుంది. కింద ట్రాక్‌లో చేరి చక్రాలను అరగదీస్తుంది. తలుపులా తెరుచుకునే రెక్క అయితే రబ్బరు పట్టీని గట్టిగా నొక్కిపట్టి మూసుకుంటుంది. నా ఓటు దానికే.

ఇంకో మాట. ఎండ ఎక్కువగా వచ్చేది ఫ్రేమ్ నుంచి కాదు, గాజు నుంచి. డబుల్ గ్లాస్, వేడిని తిప్పికొట్టే లో-ఈ పూత ఉండాలి. ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ అనే అంకె 0.25 కన్నా తక్కువుంటే మంచిది. బడ్జెట్ బిగుసుకుంటే ముందు గాజు మీద పెట్టండి.

కొత్త ఇంటికి నేను తెల్ల రంగు థర్మల్ బ్రేక్ అల్యూమినియం చెప్పా. ఫైబర్‌గ్లాస్ పడమటి గోడకు మాత్రమే, అదీ ఒక్క చిన్న కిటికీకి.